హన్నమ్మ కబురుకు ఊ కొట్టేవాడు

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, నకరికల్లు హన్నమ్మ విషయంలో ఆ సామెత తలకిందులు. ఎదుట ఊ కొట్టే మనిషి లేకపోతే ఆమె నోట ముక్క రాదు. మిరపచేలో ఆడవాళ్లు బారుగా వంగి కలుపు తీస్తుంటే మధ్యన తను కబురు చెబుతూ పోయేది. మాటకో ఊ పడాల్సిందే. పడలేదో, కబురు అక్కడే నిలిచిపోయేది. "ఏమే వెంకాయమ్మా, నిద్రబోయావా?" అని అదిలించి, ఊ అనిపించుకుని గానీ కదిలేది కాదు.

ఇంట్లో ఆ ఉద్యోగం మొగుడు యేసోబుది. కూరలో ఉప్పు తక్కువైనా ఊ, ఎక్కువైనా ఊ. అంతకు మించి మాట ఖర్చు చేసే మనిషి కాదు. "గోడకు చెప్పుకుంటన్నావే హన్నమ్మా" అని ఇరుగుపొరుగు ఎగతాళి చేస్తే, "మీ గోడలు ఊ కొడతయ్యా?" అని నోళ్లు మూయించేది.

సాగర్ కాలవకు నీళ్లొచ్చిన మరుసటి యేడు బెజవాడ రేడియో నుంచి లక్ష్మీనారాయణ గారనే ఆయన పైర్లు చూడటానికి వచ్చాడు. పల్లెటూళ్ల కార్యక్రమం ఆయన చూసుకుంటాడు. గట్టు మీద నిలబడి హన్నమ్మ కబుర్లు వింటూ తను వచ్చిన పనే మరిచిపోయాడు. "కాలవకు నీళ్లొచ్చిన రోజున మీకేమనిపించిందో రేడియోలో మీరే చెప్పాలమ్మా. బెజవాడ రండి" అన్నాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, ఇక హన్నమ్మ పెదవి సంగతి చెప్పాలా? పొద్దుగూకకముందే ఊరంతా తెలిసిపోయింది.

ఏం చెప్పాలో ఆమె వెతుక్కోనక్కర్లేదు. యేసోబు ఏళ్ల తరబడి ఆనకట్ట దగ్గర రాళ్లు మోశాడు. నీళ్లొచ్చిన రోజున పెద్దలకు దండలు పడ్డాయి, యేసోబు వంక చూసినవాడు లేడు. ఆ సంగతి నలుగురూ వినేట్టు చెప్పాలి. చిక్కల్లా ఒకటే, ఆయన ఎదుట చెప్పటం మాత్రం ఆమె వల్ల కాదు. ఇరవయ్యేళ్ల కాపురంలో మొగుణ్ణి మొహం మీద మెచ్చుకున్న పాపాన పోలేదు. ఇప్పుడు మొదలుపెట్టాలంటే సిగ్గు.

అందుకే బెజవాడలో రేడియో ఆఫీసు గుమ్మంలోనే చెప్పేసింది. "నువ్వు ఆ చెట్టు కింద కూర్చో. లోనికి రామాక."

"ఊ" అన్నాడు యేసోబు.

లోపల గది చల్లగా ఉంది. గోడలకు దళసరి గుడ్డ, బల్ల మీద మైకు. అద్దం అవతల నుంచి లక్ష్మీనారాయణ గారు మొదలుపెట్టమని చెయ్యి ఊపాడు.

"మాది నకరికల్లండీ" అని ఆగింది హన్నమ్మ. అలా ఆగే ఉంది. కాసేపు చూసి ఆయన లోపలికొచ్చాడు.

"ఆగారేమ్మా?"

"మీరు ఊ అన్లేదు గదా సారూ."

ఆయన నవ్వాడు. అద్దంలోంచి తల ఊపుతానన్నాడు. "తలకాయ ఊపితే నాకేం వినపడుద్ది సారూ?" అంది హన్నమ్మ. పాపం, మంచివాడు. తనే ఎదురుగా కూర్చుని ఊ కొట్టాడు. ఆ ఊ బాగానే ఉంది గానీ, హన్నమ్మ మాట కంటే ముందే వచ్చేస్తోంది. నాలుగు మాటలకే ఆమె మళ్లీ ఆగిపోయింది.

బయట పాటల వాళ్లు కాచుకుని ఉన్నారు. "ఇప్పుడు కుదరకపోతే రేపు సాయంత్రానికి వేరే ప్రసంగం వేయాల్సి వస్తుందమ్మా" అన్నాడాయన నెమ్మదిగా. హన్నమ్మ ఆలోచనలో పడింది. ఊళ్లో నవ్వుతారు, నవ్వితే నవ్వనీ. యేసోబు సంగతి మాత్రం ఎవరి చెవినా పడకుండానే పోతుంది.

"బయట మా ఆయనున్నాడు సారూ. నాకు ఊ కొట్టేది ఆయనే" అనేసి నాలిక్కరుచుకుంది. ఆయన వస్తే వింటాడు. రాకపోతే ఎవరూ వినరు. "పిలవండి సారూ" అంది.

యేసోబు తలగుడ్డ తీసి చేత పట్టుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు. "మీరు ఊ అంటే చాలు. ఇంకేమీ అనకూడదు" అని లక్ష్మీనారాయణ గారు మళ్లీ అద్దం అవతలికి వెళ్లాడు. యేసోబుకు జన్మలో ఇంత తేలికైన పని ఎవరూ చెప్పలేదు.

ఇక హన్నమ్మ అందుకుంది. "మా ఊరికి పిల్లనిచ్చేవాళ్లు పిల్లోణ్ణి తర్వాత చూసేవాళ్లండీ, ముందు బావి లోతు చూసేవాళ్లు."

"ఊ."

"చుట్టం వస్తే అన్నం పెట్టటానికి వెనకాడలా. కాళ్లు కడుక్కోను నీళ్లియ్యటానికి వెనకాడినాం."

"ఊ."

అసలు కబురు దగ్గర పడేసరికి ఆమె చూపు బల్ల మీదికి దిగిపోయింది. "మా ఆయన సాగర్ కాడ రాళ్లు మోశాడండీ. పండక్కొచ్చి పోయేవాడు. ఏం కడతన్నారయ్యా అంటే ఊ అనేవాడు. అక్కడ రెండో కాపురం పెట్టాడేమోనని అనుమానపడ్డా."

"ఊ!" ఈసారి కాస్త గట్టిగా వచ్చింది. అద్దం అవతల లక్ష్మీనారాయణ గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"అక్కడ రాళ్లు పేరిస్తే ఇక్కడికి నీళ్లొస్తయ్యా అని ఎగతాళి చేశా. వచ్చినయ్యి. పెద్దోళ్లు కొబ్బరికాయలు కొట్టారు. మా ఆయన కాలవలో దిగి, దోసిట్లో నీళ్లు పట్టుకొచ్చి, తాగవే అన్నాడు. తాగా. అయ్యి ఆయన భుజాల మీద నడిచొచ్చిన నీళ్లండీ. ఆ మాట ఆయనతో ఎప్పుడూ అన్లా. ఇప్పుడంటన్నా."

ఊ రాలేదు.

హన్నమ్మ తలెత్తి చూసింది. యేసోబు తలగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. కళ్లలో నీళ్లు. టేపు తిరుగుతోంది, ఊ మాత్రం లేదు.

"ఊ అనవేందయ్యా!" అంది. అంటూనే తనకూ కళ్లు నిండి, నవ్వొచ్చింది. "ఇంతేనండీ మా కబురు. ఉంటా."

బయటికొచ్చాక యేసోబు తల వంచుకుని, "చెడగొట్టానే" అన్నాడు. లక్ష్మీనారాయణ గారు గబగబా వెనకే వచ్చాడు. "ఇందులో ఒక్క ముక్క తియ్యను" అన్నాడు.

మర్నాడు సాయంత్రం పంచాయితీ ఆఫీసు రేడియో ముందు ఇసక వేస్తే రాలనంత జనం. హన్నమ్మ వెంకాయమ్మ వీపు చాటున నక్కింది. యేసోబు దూరంగా స్తంభానికి ఆనుకున్నాడు. రేడియోలోంచి మొదటి ఊ వినపడగానే ఎవరో, "ఒరేయ్, యేసోబు మాట్లాడుతున్నాడ్రా!" అని అరిచారు. ఊరు ఊరంతా నవ్వింది. రెండో కాపురం మాటకు కడుపు పట్టుకుని నవ్వింది. భుజాల మీద నడిచొచ్చిన నీళ్ల దగ్గర ఆ నవ్వు ఆగిపోయింది.

రేడియోలో మాట లేదు, గరగర మాత్రం ఉంది. అందరూ స్తంభం వైపు తిరిగారు. అంతలో "ఊ అనవేందయ్యా!" అంది పెట్టెలో హన్నమ్మ.

ఏళ్ల తరబడి కలుపు బారులో నేర్చిన అలవాటు. "ఊ" అంది వెంకాయమ్మ. ఆమె పక్కనున్న ఆడవాళ్లన్నారు. మగవాళ్లన్నారు, పిల్లలన్నారు. దండలు వేయించుకున్న ప్రెసిడెంటు గారు కూడా కుర్చీలోంచి లేచి అన్నాడు. హన్నమ్మకు ఇన్ని ఊలు ఒక్కసారిగా జన్మలో పడలేదు.

అందరూ ఆగాక, స్తంభం దగ్గర నుంచి యేసోబు అన్నాడు, "ఊ."