చెరిపేసిన చేమంతి

ఆర్లెన్ స్ట్రూప్ బల్ల పక్కనే చాలా ఏళ్లు నా బల్ల ఉండేది. నావి తుపాకీ కొనకి బిగించే బాయ్‌నెట్ కత్తులు, అతనివి పాత జపాను సైన్యపు రైఫిళ్లు. ఏటా నవంబరులో మా ఇండియానాలో సంత మైదానపు షెడ్డులో పాత ఆయుధాలు పోగుచేసేవాళ్లం అందరం కలిసేవాళ్లం. గుమ్మం దగ్గర ప్రతి తుపాకీనీ తెరిచి చూసి, పేలకుండా ప్లాస్టిక్ తాడు బిగించి లోపలికి పంపేవారు. అమ్మేవాళ్లు అటు, ఊరికే చూపించుకునేవాళ్లం ఇటు. ఆర్లెన్ తన జీవితంలో ఒక్కటి కూడా అమ్మలేదు. ఆకుపచ్చ గుడ్డ పరిచి, రైఫిళ్లను ఒక్కొక్కటీ నిద్రపోతున్న పిల్లను దించినట్టు దించేవాడు.

అతను గేర్లు చేసే ఫ్యాక్టరీలో సానపట్టే మిషను మీద పనిచేశాడు. చిన్నప్పుడే ఒక చెవికి వినికిడి పోవడంతో వియత్నాం యుద్ధానికి పనికిరావని సైన్యం ఇంటికి పంపేసింది. తండ్రి క్లీటస్ ఆ మాట మరిచిపోనిచ్చేవాడు కాదు. పండగ భోజనాల దగ్గర కోడి కోస్తూ కూడా, మా ఇంట్లో యుద్ధం చూసినవాడు ఒకడే, కొనుక్కున్నవాడు ఇంకొకడు అనేవాడట.

బల్ల మధ్యలో ఉండే రైఫిలు ఆ క్లీటస్‌దే. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో ఒక జపాను సిపాయి మీదపడి చేతుల్లోంచి లాక్కున్నానని ఆయన కథ. ఆ తుపాకీ మీద ప్రేమతోనే ఆర్లెన్ మిగతావన్నీ పోగుచేశాడు, కనబడినవాళ్లనల్లా అడిగి వాటి సంగతులు నేర్చుకున్నాడు. ఆ నేర్చుకోవడమే అతని కొంప ముంచింది.

ఆ రైఫిళ్ల గొట్టం మొదట్లో చేమంతి పువ్వు చెక్కి ఉంటుంది. అది చక్రవర్తి ముద్ర. ఓడిపోయి తుపాకులు అప్పగించేటప్పుడు జపాను వాళ్లు ఆ పువ్వును అరగదీసి ఇచ్చారు. యుద్ధంలో చిక్కినవాటికి పువ్వు మామూలుగా అలాగే ఉంటుంది. క్లీటస్ తుపాకీకి పువ్వు లేదు, గీతలు గీతలుగా అరగదీసిన మచ్చ ఉంది. అంటే యుద్ధం ముగిశాక, గుట్టగా పోసినవాటిలోంచి మన సిపాయిల్ని తలా ఒకటి తీసుకోమన్నప్పుడు తెచ్చుకున్నది. మాలో ఎవరికైనా చూడగానే తెలిసిపోతుంది.

ఆర్లెన్ దానికి భుజాన తగిలించుకునే పాత తోలు పట్టీ ఒకటి కొని, సరిగ్గా ఆ మచ్చ మీద పడేలా అమర్చేవాడు. మేమెవరమూ ఆ పట్టీ ఎత్తలేదు. అడక్కుండా ఎదుటివాడి తుపాకీ ముట్టుకోకపోవడం, ముసలి సైనికుడి కథకు అడ్డు చెప్పకపోవడం మా దగ్గర మర్యాద. ఎందుకు దాస్తావని ఒకసారి అడిగితే, "ఆయనకి ఉన్నది అదొక్కటే కదా" అన్నాడు ఆర్లెన్.

ఒక ఏడు క్లీటస్‌కి కళ్లకి ఆపరేషనయింది. చూపు బాగా వచ్చిందని తనే వచ్చి ఆర్లెన్ బల్ల దగ్గర మడత కుర్చీలో కూర్చున్నాడు. జనం మూగగానే కథ మొదలుపెట్టాడు. ఇవన్నీ మావాడు కొన్నవి, తెచ్చింది మాత్రం ఇదొక్కటే అంటూ చూపించబోయి, అడ్డంగా ఉందని పట్టీని లాగి బల్ల మీద పడేశాడు. కొత్తగా వచ్చినాయన ఎవరో వంగి చూసి, ఇక్కడ ఎందుకు గీకేసి ఉందని అడిగాడు. ఆయనకి నిజంగానే తెలీదు.

తెలిసినవాళ్లం నలుగురం తలలు దించుకున్నాం. ముసలాయన మచ్చ వైపు చూశాడు. ఆ కళ్లలో భయం ఒక్క క్షణం మెరవడం నేను చూశాను. తర్వాత కొడుకు వైపు తిరిగాడు.

"నువ్వే కదరా గీకేశావు? నేను తెచ్చినప్పుడు పువ్వుంది. సానపట్టే చేతులు నీవే కదా. ఓర్వలేక చేశావు."

ఆర్లెన్ మా ముఖాలు చూశాడు. నిజం చెబితే వెంటనే అవునని పలకడానికి మేం నలుగురం ఉన్నాం. ఆ సంగతి అతనికీ తెలుసు.

"అవును నాన్నా. తెలీక చేశా," అన్నాడు.

"చూశారా నా కొడుకుని," అన్నాడు క్లీటస్ జనంతో.

అక్కడితో పోలేదు. ముసలాయన ఆ మాట ఇంటింటా చెప్పాడు. ఆర్లెన్ చెల్లెలు నడీన్ అన్నతో మాటలు మానేసింది. క్లీటస్ పోయేముందు తుపాకీని ఆమె భర్త వెండెల్‌కి ఇచ్చాడు.

తర్వాతి నవంబరులో ఆర్లెన్ బల్ల మధ్య ఖాళీగా ఉంది. అక్కడ తోలు పట్టీ ఒక్కటే పెట్టాడు. మధ్యాహ్నం వెండెల్ ఆ రైఫిలు పట్టుకుని వచ్చాడు.

"నువ్వు పాడుచేసింది నేను బాగుచేయించా బావా," అన్నాడు.

చెక్కేవాడెవడితోనో మచ్చ మీద కొత్త పువ్వు చెక్కించాడు. ఇప్పుడది లాక్కున్న తుపాకీ కాదు, అప్పగించిన తుపాకీ కూడా కాదు. అవతలి బల్ల దగ్గర ఎవరో నవ్వు ఆపుకున్నారు. ఆర్లెన్ అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. రేకులు బాగా వచ్చాయన్నాడు. కాసేపు బల్ల మధ్యలో పెట్టుకోనా అని అడిగాడు.

"నీ చేతికి ఇవ్వద్దని మావయ్యగారు మరీమరీ చెప్పి పోయారు బావా. ఏమనుకోకు."

ఆర్లెన్ తలూపాడు. బల్ల మీది పట్టీ తీసి చాపాడు. "ఇది దానిదే. తీసుకెళ్లు."

వెండెల్ పట్టీని రైఫిలు మీద వేసి చూసి, వెనక్కి ఇచ్చేశాడు.

"వద్దులే. పువ్వుకి అడ్డమొస్తోంది."