ప్యాంటూ చొక్కాలో వచ్చిన ఫాదర్ గారు

మొన్న రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో, పసిపిల్లల వార్డులో చెడిపోయిన యంత్రం చూడటానికి వెళ్ళాను. పక్క మంచం మీద ఒక అమ్మమ్మ మనవరాలి కాళ్ళకు ఆలివ్ నూనె రాస్తోంది. ఆ వాసన తగలగానే చేతిలోని స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. ఎవరికైనా అది పసిపిల్లల వాసన. నాకు మాత్రం ఫాదర్ రాయప్ప గారు గుర్తొస్తారు. జబ్బుపడినవారి నుదుటికీ అరచేతులకూ ఆయన రాసే ఆశీర్వదించిన నూనె వాసన అది.

ఆయన కొన్నేళ్ళు కడియం దగ్గర మా విచారణకు, అంటే మా చర్చి కిందికొచ్చే ఊళ్ళకు, గురువుగా ఉన్నారు. గొప్ప వక్త ఏమీ కాదు. ప్రసంగం మొదలుపెడితే వెనక బెంచీల్లో సగంమంది కునుకు తీసేవారు. ఫోన్ చేస్తే ఎత్తేవారు కాదు. కానీ ఇంట్లో ఎవరైనా మంచం పట్టారని తెలిస్తే పిలవకుండానే వచ్చి, ముందు కూర్చోవడానికి స్టూలు వెతుక్కునేవారు. నిలబడి మాట్లాడితే రోగి మన గడ్డం చూస్తూ వినాల్సి వస్తుందని ఆయన బాధ.

నేను ఆసుపత్రి యంత్రాలు బాగుచేసే టెక్నీషియన్ని. ఏ పనినైనా ముందు వరసలు పెట్టుకుంటే తప్ప మొదలుపెట్టలేను. మా తాత లూర్దయ్యకు ఊపిరితిత్తులు పాడై, ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉండి బతికి ఇంటికొచ్చినప్పుడు, మా ఇంట్లో డాక్టరు మాటలను విడమరచి చెప్పే పని నా మీద పడింది. ఈసారి ఆయాసం ముదిరితే మళ్ళీ గొట్టం వేయాలి, వేసినా మళ్ళీ తీయగలమన్న నమ్మకం లేదు అని డాక్టరు గారు గది బయట చెప్పారు. మేమూ ఆ మాటను గది బయటే ఉంచాం. మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్ళాలా వద్దా అని నాన్న, బాబాయి, నేను వరండాలో తర్జనభర్జన పడేవాళ్ళం. తాతను ఎవరూ అడగలేదు.

ఫాదర్ గారికి తాత జబ్బు సంగతి తెలియనివ్వకపోవడానికి కారణం ఒక మాట. ఆ నూనె పూయడాన్ని మా పెద్దవాళ్ళు అవస్థ అభ్యంగనం అనేవారు. మా గుడిలో, అదే చర్చిలో, ఇప్పుడు వ్యాధిగ్రస్తుల అభ్యంగనం అంటారు గానీ ఆ పేరు ఎవరి నోటికీ ఎక్కలేదు. అవస్థ అంటే మా ఊళ్ళో ప్రాణం పోయే ముందు పడే అవస్థే. ఎవరికైనా నూనె పూశారంటే, ఇక శవపెట్టె చేసేవాడికి కబురెళ్ళిందా అని అడిగేవారు. అందుకని అందరూ రోగికి స్పృహ తప్పేదాకా ఆగి, అప్పుడు గురువు కోసం పరిగెత్తేవారు.

చివరికి మా మామ్మ పోరు పడలేక నాన్న ఫాదర్ గారుండే విచారణ బంగళాకు వెళ్ళాడు. వెళ్ళి ఫాదర్ గారికే షరతులు పెట్టాడు. తెల్ల అంగీ వద్దు, నూనె సీసా బయటికి తీయొద్దు, ఊరికే ఇటుగా వెళ్తూ వచ్చినట్టు రావాలి. ఫాదర్ గారు సరేనన్నారట. మర్నాడు పొద్దున్నే గళ్ళ చొక్కా, నల్ల ప్యాంటు వేసుకుని వచ్చారు. ఆ బట్టల్లో ఆయన్ని మేమెవరం చూసి ఎరగం. తాత ఆక్సిజన్ ముసుగు పక్కకు జరిపి ఆయన్ని పైనుంచి కిందదాకా చూశాడు.

“అంగీ ఉతుక్కి పడిందాండి ఫాదర్ గారూ, లేకపోతే నా కోసం విప్పేశారా?”

ఫాదర్ గారు నాన్న వైపు చూసి నవ్వి, స్టూలు మంచం దగ్గరకు లాక్కున్నారు. “మీ అబ్బాయి గారి ఆజ్ఞండి” అన్నారు. నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. తాతకు అన్నీ తెలుసునని ఆ క్షణాన అందరికీ అర్థమైంది.

మీకు ఏది భయంగా ఉందని ఫాదర్ గారు అడిగారు. తాత ఆగి ఆగి చెప్పిన సంగతి మేమెవరం ఊహించనిది. తాత చిన్నప్పుడు వాళ్ళ చిన్నాన్న పురుగుల మందు తాగి చనిపోతే, శవాన్ని గుడిలోకి రానివ్వక బయట నుంచే సమాధుల తోటకు పట్టుకెళ్ళారట.

“ఆ గొట్టం నాకొద్దండి. కానీ వద్దంటే నా అంతట నేను చచ్చినట్టే కదండి. నన్నూ బయట నుంచే తీసుకెళ్తారేమోనని.”

మేము వరండాలో ఆయన కోసం వాదించుకుంటున్నన్నాళ్ళూ, ఆయన గుడి గుమ్మం గురించి ఆలోచిస్తూ పడుకున్నాడు.

ఫాదర్ గారు ముందు ఆ చిన్నాన్న సంగతి ఎత్తుకున్నారు. అప్పట్లో అలా చేశారు, ఇప్పుడు చేయం, ఆయన కోసం రేపు పూజలో ప్రార్థిస్తాను, పేరు చెప్పండి అన్నారు. ఆ తర్వాత నా వైపు తిరిగారు. ఆ యంత్రం ఊపిరితిత్తులను బాగుచేస్తుందా అని అడిగారు. నేను ఆక్సిజన్ శాతం, పీడనం అంటూ మొదలుపెట్టాను.

“లెక్కలు తర్వాత బాబూ. బాగుచేస్తుందా, చేయదా?”

“చేయదండి. ఊపిరి ఆడిస్తుంది, అంతే.”

తాత ఎదుట ఆ మాట అనడం నాకు అదే మొదటిసారి. ఆయన నా వైపు చూసి తల ఊపాడు. కడియం నర్సరీల్లో జీవితమంతా మొక్కలకు అంట్లు కట్టిన మనిషి. “వేరు కుళ్ళిన మొక్కకి ఊతకర్ర కడితే నిలబడుద్దిరా. చిగురెయ్యదు” అన్నాడు.

అప్పుడు ఫాదర్ గారు నిదానంగా చెప్పారు. ప్రాణం తీయడం, తీసుకోవడం మన హక్కు కాదు. అలాగని బాగుచేయలేని వైద్యాన్ని భరించి తీరాలని దేవుడు ఎవరినీ అడగడు. గొట్టం వద్దంటే ప్రాణం తీసేది జబ్బే గానీ మీరు కాదు. నాన్నకు అది మింగుడుపడలేదు. అంటే మేం చేతులెత్తేసినట్టే కదండి అన్నాడు.

“చేతులతో పని ఇప్పుడే మొదలైందండి. నీళ్ళు, గంజి, ఒళ్ళు తుడవడం, ఆయాసానికి మందు, పక్కన మనిషి. వీటిలో ఒక్కటి మానినా నేనొచ్చి తిడతాను.”

డాక్టరు రాసిన మార్ఫిన్ మత్తుమందు ఇస్తే ప్రాణం తీసినట్టవుతుందేమోనని నాన్న ఆ సీసా మూత కూడా తీయలేదు. చెప్పిన మోతాదులో, ఆయాసం తగ్గడానికి ఇచ్చేది తప్పు కాదని ఫాదర్ గారు చెప్పాకే తాత గొంతులోకి అది దిగింది. ఆ రోజు తాత మధ్యాహ్నం నిద్రపోయాడు. అలా నిద్రపోవడం చూసి ఎన్నాళ్ళయిందో.

ఆ ఆదివారం ఫాదర్ గారు తెల్ల అంగీలోనే వచ్చారు. వీధి జనమంతా వచ్చారు. నుదుటి మీద, అంటు కత్తి గాట్లున్న అరచేతుల మీద నూనె రాస్తుంటే తాత నన్ను పిలిచి, నువ్వు మిషన్లకి పోసేదీ ఇదేనా అని అడిగాడు. మామ్మ కసిరింది. ఫాదర్ గారు ప్రార్థన మధ్యలో ఆగి నవ్వు ఆపుకోవాల్సి వచ్చింది.

తర్వాత కొన్ని వారాలకు, గంజి తాగించడానికి నాన్న తాత తల ఎత్తి పట్టుకుని ఉండగా ఆయన వెళ్ళిపోయాడు. పెట్టెను గుడి పెద్ద ద్వారం గుండానే లోపలికి తీసుకెళ్ళాం. ఫాదర్ గారు గుమ్మం దాకా ఎదురొచ్చారు. ఆ రోజు కూడా ప్రసంగం పొడుగే. ఎవరూ కునుకు తీయలేదు. కిందటేడు ఆయనా కన్నుమూశారు. వేరే ఊళ్ళో, ముసలి గురువుల ఆశ్రమంలో.

పోయిన వారం కొవ్వూరులో ఒక ఇంట్లో ఆక్సిజన్ యంత్రం బిగించడానికి వెళ్ళాను. కొడుకులిద్దరూ నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి, ఇది పెడితే అమ్మ ఎన్నాళ్ళుంటుందండి అని అడిగారు. అది నేను చెప్పేది కాదండి, డాక్టరు గారినే అడగండి, కానీ అమ్మగారి ఎదుటే అడగండి అన్నాను. లోపలికి వెళ్ళి స్టూలు వెతుక్కుని ఆవిడ మంచం పక్కన కూర్చున్నాను. ఏమైనా అడగాలా అమ్మగారూ అన్నాను. ఆవిడ కొడుకుల వైపు చూసి, నా వైపు తిరిగి, చప్పుడు చేస్తుందా బాబూ అని అడిగింది.

“చేస్తుందమ్మా. ఆగకుండా చేస్తుంది. రాత్రులు మీకు బాగా వినబడుతుంది.”

“సరే అయితే. ఆ మూలకి పెట్టు. వీళ్ళు మాట్లాడేది కూడా నాకు వినబడాలి.”