మునివెంకటప్ప చెవి

బాగేపల్లిలో పెద్దరోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకున్న మెకానిక్ మునివెంకటప్పకు తన చెవి మీద మహా నమ్మకం. స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. డాక్టరు స్టెతస్కోపు పెట్టినప్పుడు జనం ఎట్లా నోరు మూసుకుంటారో, ఇతని ముందు లారీ డ్రైవర్లు అట్లా మూసుకునేవాళ్ళు. చిక్కబళ్ళాపురంలో ఒక బస్సుల షెడ్డులో పన్నెండేళ్ళు పనిచేసి వచ్చిన మనిషి. అతను చెప్పిందే తీర్పు. నాకు ఆ దర్జా చూస్తే కొంచెం ఒళ్ళు మంటగానే ఉండేది.

నేను కంటి డాక్టరు రామకృష్ణప్పగారి దగ్గర కాంపౌండరుని. వ్యాను డ్రైవరునీ నేనే, వంటవాణ్ణీ నేనే. ఆ వ్యాను రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు వదిలించుకున్న పాత అంబులెన్సు. లోపల రెండు పడకబల్లలు, మందుల బీరువా, ఒక కిరసనాయిలు స్టవ్వు, కిటికీకి మా డాక్టరుగారి పాత పంచె తెర. నెలలో సగం రోజులు అదే మా ఇల్లు. చిక్కబళ్ళాపురం ఆస్పత్రికి రాలేని ముసలివాళ్ళ ఊళ్ళకు మేమే పోయి, బడిలోనో సత్రంలోనో దిగి, కంటిపొరలు తీసేవాళ్ళం.

అరవై రెండులో ఆయుధపూజ అయిన వారం నుంచి ఆ వ్యానుకు జబ్బు పట్టుకుంది. ఎనిమిది మైళ్ళు చక్కగా పోయేది. తర్వాత రెండు మూడుసార్లు దగ్గి ఆగిపోయేది. అరగంట రోడ్డు మీద కూర్చుంటే తానే కదిలేది, మళ్ళీ ఎనిమిది మైళ్ళకు మళ్ళీ అదే దగ్గు. విసుగుపుట్టి మునివెంకటప్పను వెంట బెట్టుకుని తిరగడం మొదలుపెట్టాం.

అతని పనికి ఒక పద్ధతి ఉండేది. బండి ఎందుకు ఆగినా సరే, మొదట పెట్రోలు ట్యాంకు మూత విప్పి, వెదురుపుల్ల ముంచి, తడి ఎంతవరకు ఉందో చూసి మూత బిగించేవాడు. స్పానరు పట్టేది ఆ తర్వాతే.

“ఆంజనేయప్పా, మనిషి పడిపోయినాడంటే ముందు తిన్నాడో లేదో చూడాల. మందు ఆమీద,” అనేవాడు నాతో.

మొదటిరోజు పుల్ల ముంచి, నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు రుద్దాడు. ఇంజను వెంటనే పలికింది. “చూస్తివా, పాయింట్లే,” అన్నాడు. మర్నాడు పుల్ల ముంచి, కార్బొరేటరు విప్పి కడిగాడు. వెంటనే పలికింది. ఆ వారంలోనే పెట్రోలు పంపుకు కొత్త తోలుబిళ్ళ వేశాడు, కాయిల్ మార్చాడు. ఏది చేసినా బండి కదిలేది, కదిలిన ప్రతిసారీ జబ్బు అదేనని తేలేది, ఎనిమిది మైళ్ళకు అది కాదని తేలేది. శుక్రవారం వస్తే వ్యాను కడిగి, గంధంలో కుంకుమ రంగరించి, స్టీరింగుకూ లైట్లకూ పెట్రోలు మూతకూ బొట్లు పెట్టేవాడు. ఆయుధపూజనాడు తన షెడ్డులో అతనే మొదలుపెట్టిన బొట్టు అది. బండికి నోరు అదే కదా అని మూతకు మాత్రం రూపాయి బిళ్ళంత పెట్టేవాడు. బండి మొరాయించేకొద్దీ బొట్టు మందం పెరిగింది.

డిసెంబరులో చింతామణి క్యాంపుకు పోయే దారిలో మూడుచోట్ల ఆగాం. మేం చేరేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. పొద్దున్నుంచి కాచుకున్న ముసలివాళ్ళలో సగంమంది వెళ్ళిపోయారు. డాక్టరుగారు ఆ సాయంత్రం మునివెంకటప్పను పిలిచారు.

“నిజం చెప్పప్పా. ఇంజను పనైపోయిందా?”

మునివెంకటప్ప స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని చాలాసేపు విన్నాడు. “ముసిలిదైపోయినాది డాక్టరప్పా. ఇంగ దీంట్లో ఏమీ లేదు,” అన్నాడు.

తీర్పు వచ్చేసింది. చింతామణిలో ఒక కట్టెల మండీ షావుకారు ఆ చక్రాలకోసం, ఇరుసులకోసం వ్యానును తీసుకుంటానన్నాడు. సోమవారం అప్పజెప్పాలి. ఇకమీదట చిక్కబళ్ళాపురంలోనే కూర్చుంటానని, రాగలిగినవాళ్ళు వస్తారని డాక్టరుగారు అన్నారు. రాలేనివాళ్ళ సంగతి ఆయనా అనలేదు, నేనూ అడగలేదు.

క్యాంపు ముగిసేటప్పటికి కట్టు విప్పని రోగి ఒక్కతే మిగిలింది. కెంపమ్మ అని చేలూరు దగ్గరి ముసలామె. ఆమెను బాగేపల్లిలో కూతురింట్లో దింపాలి. డాక్టరుగారు వ్యాను మీద నమ్మకం లేక, ముందుగా బస్సులో వెళ్ళి ఆ ఇంట్లోనే ఉంటానన్నారు. మునివెంకటప్పా నేనూ కెంపమ్మను రెండు కళ్ళకూ కట్టుతో పడకబల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి బయల్దేరాం. రోగితో ఆ వ్యానుకు అదే ఆఖరి ప్రయాణమనుకున్నాం.

ఎనిమిది మైళ్ళకు ఆగింది. అతను దిగి మూత విప్పాడు, పుల్ల ముంచాడు, మూసి, ప్లగ్గులు తుడిచాడు. కదిలింది. ఇంకో ఎనిమిది మైళ్ళకు, చేలూరు దాటాక, మళ్ళీ ఆగింది. మళ్ళీ మూత విప్పాడు.

లోపల్నుంచి కెంపమ్మ అడిగింది. “ఓ అప్పా, ఆ మూత తీసినప్పుడంతా అదేంటికి ఊపిరి పీలుస్తాండాది?”

“ఏది పీల్చేది?” అన్నాడు మునివెంకటప్ప.

“నువ్వు తిప్పుతానే ఉస్సంటాది. ఇందాక గూడా అనింది. పొద్దున్నించీ చీకట్లో పండుకోనుండాను, నాకేం పని, ఇనుకుంటా ఉండా.”

మునివెంకటప్ప చేతిలోని మూతను తిరగేశాడు. దాని నడుమ సూది పట్టేంత బెజ్జం ఉండాలి. పెట్రోలు తగ్గేకొద్దీ అందులోంచి గాలి లోపలికి పోవాలి. నూనెడబ్బాకు ఒకటే చిల్లు పొడిస్తే ధార ఎట్లా నిలిచిపోతుందో, గాలి పోని ట్యాంకులో పెట్రోలు అట్లాగే నిలిచిపోతుంది. రెండునెలల గంధం, కుంకుమ ఆ బెజ్జం మీద రాయిలా గట్టిపడి ఉన్నాయి. అతను పుల్ల ముంచడానికి మూత విప్పినప్పుడల్లా గాలి దూరి బండి బాగయ్యేది. మూత తీయకపోయినా అరగంటలో సందుల్లోంచి కొంచెం గాలి దూరేది. మిగిలిన మరమ్మతంతా దండగ.

నా చొక్కాకున్న పిన్నీసు అడిగి తీసుకుని బెజ్జం పొడిచాడు. అక్కణ్నుంచి బాగేపల్లి పొలిమేర దాకా, పదిహేను మైళ్ళు, వ్యాను ఒక్కసారి కూడా దగ్గలేదు.

పొలిమేరలో నాకు జాలేసింది. ఒళ్ళుమంట ఏమైందో తెలియదు. “పైపులో చెత్త ఉండిందని చెప్దాం లేప్పా. ఎవురికి తెలస్తాది? వ్యానైతే మిగులుతాది గదా,” అన్నాను. అతను మొన్న చెవికి పెట్టుకుని తీర్పు చెప్పిన స్క్రూడ్రైవరును ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు.

కెంపమ్మ కూతురింటి అరుగు మీద డాక్టరుగారు ఊళ్ళోవాళ్ళ కళ్ళు పరీక్ష చేస్తున్నారు. చుట్టూ ఇరవైమంది ఉన్నారు, వాళ్ళలో ఇద్దరు అతని షెడ్డుకు వచ్చే డ్రైవర్లు. మునివెంకటప్ప నేరుగా పోయి మూతను ఆయన చేతిలో పెట్టాడు.

“ఇంజనుకు ఏమీ కాలేదు డాక్టరప్పా. నేను పెట్టిన బొట్టు ఈ బెజ్జాన్ని మూసేసినాది. పనైపోయిందని చెప్పింది గూడా తప్పే. తప్పంతా నాదే.”

ఒక డ్రైవరు ముందు నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు. డాక్టరుగారు నవ్వలేదు. మూతను వెలుతురుకెత్తి బెజ్జంలోంచి చూసి, వ్యాను ఇవ్వడంలేదని షావుకారుకు చెప్పిరమ్మని నాతో అన్నారు. ఆ నెలంతా మునివెంకటప్ప షెడ్డు ముందు సగం బండ్లు కూడా ఆగలేదు. బొట్టు మెకానిక్ అన్నారు. ఆ మాటలన్నీ పడ్డాడు.

అతను తప్పు ఒప్పుకున్న రెండురోజులకు కెంపమ్మ కట్టు విప్పాం. అతనూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆమె కాసేపు రెప్పలు ఆడించి డాక్టరుగారికి దండం పెట్టింది, కూతురి మొహం తడిమింది. తర్వాత, “ఆ పొద్దు మూత తీసినాయన యాడ?” అంది. మునివెంకటప్ప ముందుకు వచ్చాడు. ఆమె అతన్ని పైకీ కిందికీ చూసింది.

“తప్పు నాదేనని అందరి ముందరా చెప్పినావంట గదప్పా. నా కండ్లు బాగుండిన కాలంలో గూడా అట్ల చెప్పే మగోన్ని నేను చూడల్యా,” అంది.

నేను కత్తిరించిన కట్టుగుడ్డను మడత పెడుతూ తల దించుకున్నాను.