చెయ్యి దూరని బోల్టు

మా వీధి మెకానిక్ విటోమిర్ ఏడవలేదు. భార్య స్టామెనా పోయి నలభై రోజులు కావస్తున్నా కంట తడి లేదు. అంత్యక్రియల నాడు శవపేటిక మూతకి స్క్రూ ఒకటి వదులుగా ఉందని బిగించి వచ్చాడు, అంతే. వీడిది గుండె కాదు ఇనుము అంది ఊరంతా. నేనూ అన్నాను, దాచడమెందుకు? ముప్ఫై ఏళ్లు బస్సు కండక్టరు పని చేసినవాణ్ణి, నోరు ఊరుకోదు.

ఒకరోజు అతనే చెప్పాడు. "ఏడుపు రావట్లేదురా మిలుటిన్. నలభయ్యో రోజుకి ఆత్మ వెళ్ళిపోతుందంటారు కదా. ఆలోపు కూడా రాకపోతే, దానితో నలభై నాలుగేళ్లు కాపురం చేసింది నేను కాదేమో అనిపిస్తోంది." రేపు వాన పడుతుందని చెప్పినట్టు చెప్పాడు.

విటోమిర్‌ది చేటంత చెయ్యి. బలం ఉంది గానీ ఇంజన్ వెనక్కి దూరదు. స్టామెనా చెయ్యి చిన్నది. కంటికి కనబడని బోల్టులన్నీ ఆవిడవే. వంట మధ్యలో చేతులు తుడుచుకుంటూ వచ్చి, తడిమి స్పానరు పెట్టేది, ఇతను దాన్ని బయటినుంచి తోసేవాడు. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకి మా కార్లలో ఇనుము కన్నా తుప్పే ఎక్కువ. ఆదివారాలు ఆవిడ చర్చిలో కొవ్వొత్తులు అమ్మేది. కాలగా మిగిలిన ముక్కలు జేబులో వేసుకుని తెచ్చేది. ఇతను బోల్టు వేడి చేస్తే ఆవిడ మైనం అంటించేది. అది కరిగి బోల్టు మరల సందుల్లోకి దిగి తుప్పుని వదిలించేది. తిరిగి బిగించేటప్పుడు కూడా, మళ్లీ తుప్పు పట్టకుండా, మర మీద ఇంత మైనం రుద్దేది.

"అది బోల్టే, దేవుడి పటమా?" అని ఇతను వెక్కిరించేవాడు.

"నోరు మూసుకుని బిగించు ముసలోడా, చారు చల్లారిపోతోంది."

నలభయ్యో రోజు ప్రార్థన పొద్దున పదింటికి. వాళ్ల ఎర్ర జస్తావా కారు కదల్లేదు. సెల్ఫ్ మోటారు పోయింది. పాతదొకటి షెడ్డులో ఉందని విటోమిర్ బానెట్ ఎత్తాడు. స్టామెనా అక్క కొసారా, పోయినవాళ్ల పేరున చర్చిలో పెట్టే ఉడికించిన గోధుమల గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఏమయ్యా మరిదీ, అక్కడ ఫాదరు ఎదురుచూస్తుంటే ఇక్కడ నీ కుస్తీలేంటి? అద్దె కారు పిలువు."

"దాని కారులోనే వెళ్దాం వదినా."

పోయిన మోటారు బోల్టులు రెండు ఊడి వచ్చాయి. మూడోది పైన, వెనకవైపు. నేనూ చెయ్యి పెట్టి చూశాను, మణికట్టు దగ్గరే ఇరుక్కుంది. విటోమిర్ ఇంజన్ మీద బోర్లా పడుకుని, వేలి కొసలతో వెతికి, నాలుగోసారికి స్పానరు ఆనించాడు. దానికి పొడుగు పైపు తొడిగాడు. ఆరు చలికాలాలుగా విప్పని బోల్టు. ఊపిరి బిగబట్టి, ఒంట్లో బలమంతా పెట్టి లాగాడు.

బోల్టు కొత్తదానిలా తిరిగిపోయింది. ఆ ఊపుకి పిడికిలి ఇనుముకి గుద్దుకుని మూడు కణుపులు చెక్కుకుపోయాయి. విటోమిర్ ఆ నెత్తురు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత బోల్టు బయటికి తీశాడు. తల నిండా తుప్పు. మర మాత్రం నిగనిగలాడుతోంది, సందుల్లో పసుపు మైనం.

"రుద్దింది" అన్నాడు. "నేను వెక్కిరించాను. అయినా రుద్దింది."

కొసారా గుడ్డ తెచ్చింది. "నొప్పిగా ఉందా?"

"ఆ వదినా. నొప్పి తెలుస్తోంది" అని, టైరు మీద కూలబడి భోరుమన్నాడు. ఇనుమన్న నా నోటిని నేనే తిట్టుకున్నాను.

షెడ్డులోని మోటారు ఎక్కించి, ఆ మూడో బోల్టు బిగించే ముందు, విటోమిర్ కొసారా చేతిసంచిలోంచి స్టామెనా కోసం కొన్న కొవ్వొత్తి తీసుకుని సగానికి విరిచాడు. అతనికి డెబ్బై మూడు, కారుకి ముప్ఫై ఎనిమిది. ఆ బోల్టు మళ్లీ ఎవరూ విప్పరు. అయినా రుద్దాడు.