ఏదీ బాబాయి

ఏదీ బాబాయికి ఏదీ కనిపించదు. ఆయన గురించి ముందుగా తెలుసుకోవలసింది ఇదే. ఇది తెలిస్తే మిగతాది తెలియకపోయినా ఇబ్బంది లేదు. కొంగ కనిపించదు, కొంగ కూర్చున్న కొమ్మ కనిపించదు, ఆ కొమ్మను చూపిస్తూ గాలిలో ఊగుతున్న పది చేతులూ కనిపించవు. మేమంతా చూసి, మురిసి, కాగితం మీద రాసుకుని, పెన్నుకు మూత పెట్టేశాక వెనకనుంచి మెల్లగా ఒక గొంతు వినిపిస్తుంది.

"ఏదీ?"

ఆయనకు ఆ పేరు అలా వచ్చింది. అసలు పేరు ఆయన గడియారాల రిపేరు షాపు బోర్డు మీద ఉంది. ఆ బోర్డు రాసింది నేనే అయినా, ఇప్పుడెవరైనా అడిగితే షాపు దాకా వెళ్ళి చూసి రావాల్సిందే.

మాది ఆదివారం జట్టు. ప్రతి ఆదివారం పొద్దున్నే ఆరింటికి కలుసుకుని ఊళ్ళో కాలవలు, కుంటలు, ఖాళీ స్థలాలు తిరుగుతాం. ఏ పిట్ట కనబడింది, ఏ పురుగు కనబడింది, ఎక్కడ, ఎన్ని, ఎన్నింటికి అని రాసి అటవీశాఖ పై ఆఫీసుకు పంపుతాం. జీతం లేదు, రమ్మని ఎవరూ బతిమాలరు. జట్టును మొదలుపెట్టిన హెడ్మాస్టరమ్మ బడి నుంచి రిటైరైంది గానీ బడి ఆమెలోంచి రిటైర్ కాలేదు. ఇప్పటికీ హాజరు తీసుకుంటుంది, ఆలస్యంగా వస్తే కారణం చెప్పాలి. జాబితా రాసే పని నా నెత్తిన పడింది. నేను బోర్డులు రాసే ఆర్టిస్టుని, నా చేతిరాత ముత్యాల కోవ. ఈ మాట నేను అనడం లేదు, ఊరంతా అంటుంది. అనకపోతే గుర్తు చేస్తాను.

ఆ జాబితాలో మాకందరికీ ప్రాణమైన గడి ఒకటుంది. దాని పేరు 'మొదట చూసినవారు'. ఎవరు ముందు చూసి పైకి చెబితే వాళ్ళ పేరు అందులో పడుతుంది. ఒకసారి ఒక కప్ప విషయంలో బస్సు కండక్టరుకూ నర్సమ్మకూ రెండు వారాలు మాటలు లేవు. కండక్టరు 'క' అన్నాడట, ఆ మాటను నర్సమ్మ పూర్తి చేసిందట. చివరికి హెడ్మాస్టరమ్మ కప్పను సగం సగం పంచి తీర్పు చెప్పింది. ముందు సగం ఎవరిదన్న గొడవ ఇంకా నడుస్తోంది.

అలాంటి గడిలో పదకొండేళ్ళలో బాబాయి పేరు ఒక్కసారీ పడలేదు.

పడే అవకాశం ఆయనే ఇవ్వడు. సరిగ్గా ఏదో ఒకటి కనిపించబోయే క్షణంలో ఆయన బూటు తాడు ఊడిపోతుంది. వంగి కట్టుకుంటాడు. లేచేసరికి అంతా అయిపోతుంది. ఒక రోజు ఒక తాబేలు ఆయన ముందునుంచే బాట దాటింది. తాబేలు కదా, పావుగంట పట్టింది. ఆ పావుగంటా బాబాయి ఒకే తాడు కడుతూ కూర్చున్నాడు. ఇంకోసారి వేపచెట్టు మీదనుంచి ఒక గుడ్లగూబ జారి ఆయన గొడుగు మీద పడితే, వాన మొదలైనట్టుందన్నాడు.

మేం తలా కొంత వేసుకుని ఆయనకు తాళ్ళు లేని బూట్లు కొనిపెట్టాం. చాలా సంతోషించాడు. ఆ ఆదివారం నుంచి బూట్లో రాళ్ళు పడటం మొదలైంది.

రోజంతా కంటికి భూతద్దం బిగించుకుని ఆవగింజంత మరలు తిప్పేవాడికి దూరపు చూపు ఎక్కడుంటుంది అని మాలో మేమే తేల్చేశాం. పాపం, కళ్ళ పరీక్ష చేయిస్తానని నర్సమ్మ నాలుగుసార్లు పిలిచింది. నాలుగుసార్లూ షాపులో ఊపిరాడనంత పని. ఆయన భార్య, మా అందరికీ పిన్ని, ఈ మాట ఒప్పుకునేది కాదు. ఎదురింటి డాబా మీద ఆరేసిన చొక్కాకు ఎన్ని గుండీలు ఊడాయో మంచం మీదనుంచే చెబుతారని అనేది. మొగుణ్ణి వెనకేసుకు రావడం ఇల్లాలికి సహజమే కదా అని మేం నవ్వుకునేవాళ్ళం.

ఇలా ఉండగా మా ఇటుకబట్టీ గుంటకు ఆపద వచ్చింది.

బస్సు డిపో వెనక ఎప్పుడో ఇటుకల కోసం మట్టి తవ్వేసిన గుంట అది. నీళ్ళు నిండి, చుట్టూ తుంగ పెరిగి, మా జాబితాలో సగం జీవాలకు అదే ఇల్లు. హెడ్మాస్టరమ్మ ఉద్యోగంలో ఉన్న ముప్పై ఏళ్ళూ పిల్లల్ని అక్కడికే తీసుకెళ్ళి పాఠాలు చెప్పింది. దాన్ని పూడ్చి లారీలు నిలిపే స్థలం చేస్తారని తెలిసిన రోజు ఆమె హాజరు తీసుకోలేదు. ఆమెను అలా చూడటం మాకు చాలా కష్టమనిపించింది.

ఒకే ఒక్క దారి ఉంది. ఆ గుంటలో నీటికుక్క ఉందని రుజువైతే పూడ్చకూడదు. నీటికుక్క అంటే కుక్క కాదు. ముంగిసకు పిన్ని కొడుకులా ఉంటుంది, చేపకన్నా బాగా ఈదుతుంది, మనిషి వాసన తగిలితే మాయమైపోతుంది. గట్టు మీద దాని అడుగులు హెడ్మాస్టరమ్మ చూసింది గానీ జంతువును ఎవరూ చూడలేదు. పై ఆఫీసు నుంచి ఒక ఆఫీసరమ్మ వచ్చి షరతు చెప్పింది. తూర్పు గట్టున ఒకరు, పడమటి గట్టున ఒకరు, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, ఒకే సమయంలో ఒకే చోట దాన్ని చూసి రాసివ్వాలి. రెండు కాగితాలూ కలిస్తే గుంట మిగులుతుంది. గడువు వచ్చే ఆదివారం పొద్దున ఎనిమిదింటి వరకే.

హెడ్మాస్టరమ్మ తన బలగాన్ని మోహరించింది. తూర్పు గట్టున కండక్టరు, నర్సమ్మ, మా ఆవిడ, తను. పడమటి గట్టున నేను. నాకు తోడుగా బాబాయి. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె నా భుజం తట్టింది. ఆ తట్టడంలో జాలి నాకు స్పష్టంగా తెలిసింది. అంటే నేను ఒక్కణ్ణే అనుకుని, కళ్ళు నాలుగు చేసుకుని కూర్చున్నాను.

ఏడు దాటింది. ఉన్నట్టుండి అవతలి గట్టున కండక్టరు చేతులు రెండూ పైకి లేచాయి. బజారు ఈ చివర అరిస్తే ఆ చివర బస్సు ఆగే గొంతు అతనిది. అది బయటికి రాకుండా నర్సమ్మ అతని నోరు గట్టిగా మూసేసింది. వాళ్ళు చూసేశారు. సగం పని అయిపోయింది, మిగతా సగం నా కళ్ళ మీద ఉంది.

సరిగ్గా అప్పుడే బాబాయి వంగాడు. ఆ రోజు మళ్ళీ పాత తాళ్ళ బూట్లే వేసుకొచ్చాడు.

"బాబాయ్, ఇప్పుడా?" అన్నాను పళ్ళ మధ్యనుంచి.

"ముడి ఊడింది" అన్నాడు.

తాడు కట్టుకుంటూ ఆయన భుజం నా మోకాలికి తగిలి నేను కుడివైపు తిరిగాను. విసుక్కుని మళ్ళీ ఎడమకు తిరిగాను. అక్కడ నల్లటి తల ఒకటి తేలుతోంది. ఊపిరి బిగబట్టి చూశాను. అది పాత టైరు. బాబాయి దగ్గాడు. తన గొడుగును నేల మీద పెట్టి, దాని మొన కుడివైపుకు తిప్పాడు. లేస్తూ దానికి తట్టుకుని పడతాడేమోనని నేను ఆ గొడుగు తీసి పక్కన పెట్టాను. ఆయన దాన్ని మళ్ళీ అక్కడే పెట్టాడు. నేను మళ్ళీ తీశాను. ఇంత సేవ చేస్తుంటే ఈయన మొహం ఎందుకలా చిన్నబోతోందో నాకు అంతుపట్టలేదు.

అవతల కండక్టరు చేతులు మెల్లగా దిగుతున్నాయి. అంటే అది వెళ్ళిపోతోంది. బాబాయి ఒకసారి నావైపు, ఒకసారి నీళ్ళవైపు చూసి, తాడు వదిలేసి లేచి నిలబడ్డాడు.

"అదిగో."

ఎవరన్నారా అని నేను వెనక్కి చూశాను.

"తుంగ మొదట్లో, విరిగిన గొట్టానికి ఇటుపక్క జానెడు దూరంలో. రెండున్నాయి. తల్లీ పిల్లా. తల్లి నోట్లో చేప, తోక బయటికుంది. ఏడూ పద్నాలుగు. చూడు ఆర్టిస్టూ, అటు చూడు."

నేను చూడలేదు. పదకొండేళ్ళుగా ఏదీ, ఏదీ అన్న మనిషి అదిగో అంటే, నోరు వెళ్ళబెట్టుకుని ఆ మనిషినే చూస్తూ ఉండిపోయాను. తేరుకుని నీళ్ళవైపు తిరిగేసరికి గొట్టం పక్కన నాలుగు అలలు మిగిలాయి.

"చూశావు కదూ?" అన్నాడు ఆశగా.

"లేదు బాబాయ్."

"చూశానని రాసెయ్."

"చూడందే ఎలా రాస్తాను? మీరు చూశారుగా, మీరే రాయండి."

తాబేలు ఎదురొచ్చినా, గుడ్లగూబ మీద పడినా చలించని మనిషికి అప్పుడు కంగారు పుట్టింది.

ఆఫీసరమ్మ వచ్చి ఎవరు చూశారని అడిగింది. బాబాయి గొడుగువైపు చూశాడు, ఆకాశంవైపు చూశాడు, గుంటవైపు చూశాడు. గుంటను చూశాక, "నేనేనండి" అన్నాడు. ఆమె పోలీసులా ప్రశ్నలు వేసింది. అరవై అడుగుల దూరంలో ఉన్న పిల్ల ఎడమ చెవికి చిన్న చీలిక ఉందని కూడా ఈయన చెప్పి, కాగితం మీద రాసిచ్చాడు. తూర్పు గట్టు కాగితం తెచ్చి పక్కన పెట్టారు. విరిగిన గొట్టం. రెండు. తల్లి నోట్లో చేప. ఏడూ పద్నాలుగు. ఆమె రెండుసార్లు చదివి, సంతకం పెట్టి, మొదటిసారి నవ్వింది.

అప్పుడు కండక్టరు పెట్టిన కేకకు గోడ అవతల డిపోలో ఒక బస్సు బయల్దేరింది. నర్సమ్మ కండక్టరు చెయ్యి పట్టుకుని గంతులు వేసింది, కప్ప సంగతి మర్చిపోయి. నేనూ అరిచాను. ఏమరిచానో తెలియదు గానీ రెండు రోజులు గొంతు రాలేదు.

ఆ గోలంతా అణిగాక హెడ్మాస్టరమ్మ బాబాయి ముందుకొచ్చి నిలబడింది. నా సంచీలోంచి పాత జాబితాలు లాగి, కళ్ళజోడు సర్దుకుని మొదలుపెట్టింది. నర్సమ్మ గుడ్లగూబ అప్పుడు మీకు తాడు ఊడిందా? ఊడింది. కండక్టరు తొలి పాము అప్పుడు? ఊడింది. తాబేలు అప్పుడు? బాబాయి మళ్ళీ తాడుకోసం వంగబోయాడు. ఒక్కొక్క పేరూ చదువుతుంటే ఒక్కొక్కరి మొహం మారిపోతూ వచ్చింది. కొత్తగా ఎవరు జట్టులోకి వచ్చినా ఈయన వాళ్ళ పక్కనే నడిచేవాడని, తను ముందే చూసి వాళ్ళ చూపు అటు తిరిగేలా వంగేవాడని, ఏమీ కనిపించని ఆదివారం ఎవరికీ మిగల్చలేదని మాకు అప్పుడు తెలిసొచ్చింది.

"ఎందుకండీ ఇదంతా?" అంది హెడ్మాస్టరమ్మ.

"నేను చూపిస్తే బాగుందని ఇంటికెళ్ళిపోతారమ్మా. తామే చూస్తే మళ్ళీ ఆదివారం వస్తారు. ఇంత ఊరికి నా రెండు కళ్ళు ఎక్కడ సరిపోతాయి?"

హెడ్మాస్టరమ్మ నా చేతిలో పెన్ను లాక్కుని 'మొదట చూసినవారు' గడిలో ఆయన పేరు తనే రాసింది. ఆమె చేతిరాత కోడి గెలికినట్టుంటుంది. అయినా ఊరుకున్నాను.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. పదకొండేళ్ళ కిందట ఊళ్ళోకి ఫ్లెక్సీలు వచ్చాయి. బోర్డు రాయమని నన్ను అడిగేవాళ్ళే లేకుండా పోయారు. నాలుగు నెలల పాటు నేను గోడవైపు తిరిగి కూర్చునేవాణ్ణి, భోజనానికి పిలిచినా కసిరేవాణ్ణి. మా ఆవిడ పోరగా పోరగా ఒక ఆదివారం ఆమె వెంట ఈ జట్టుతో వెళ్ళాను, మళ్ళీ రాకూడదని ఒట్టు పెట్టుకుని. ఆ పొద్దున కాలవ దగ్గర లకుముకి పిట్టను జట్టు మొత్తంలో నేనే ముందు చూశాను. ముప్పై ఏళ్ళుగా రంగులు కలిపినవాణ్ణి, ఆ నీలం నా డబ్బాల్లో ఎప్పుడూ లేదు. ఆ కథ నేను చెప్పని మనిషి ఊళ్ళో లేడు. విన్నవాళ్ళలో కొందరు ఇప్పుడు నన్ను చూసి రోడ్డు దాటుతారు.

అందుకే ఇంటికి నడుస్తుండగా ఉండబట్టలేక అడిగేశాను.

"బాబాయ్, నా లకుముకిని మీరు చూడలేదు కదూ?"

"అబ్బే, అది నీదే."

"మంచి పిట్ట. తీగ మీద కూర్చుంది, కాలవకు వీపు పెట్టి."

"వీపెక్కడ పెట్టింది, ముక్కు కాలవవైపేగా..." అని ఆయన టక్కున ఆగిపోయాడు.

పదకొండేళ్ళ నా గొప్ప దభీమని కింద పడింది. ఎక్కడా దెబ్బ తగల్లేదు, పైగా నవ్వొచ్చింది. రోడ్డు మధ్యలో నిలబడి పగలబడి నవ్వాను. బాబాయి కాసేపు తల గోక్కున్నాడు.

"పిట్ట సంగతి వదిలెయ్ ఆర్టిస్టూ. ఆ రోజు కూడా నువ్వు ఇలాగే నవ్వావు. అది మాత్రం నేనే ముందు చూశాను. అందులో ఎవరికీ వాటా ఇవ్వను."

"అదేం కుదరదు బాబాయిగారూ" అని వెనకనుంచి మా ఆవిడ అందుకుంది. "ఆయన నవ్వడం నేను ముందు చూశాను."

"నువ్వు నా వెనకున్నావమ్మా, నీకెలా కనిపిస్తుంది?"

"అప్పటికి నాలుగు నెలలుగా దానికోసమే చూస్తున్నదాన్ని, నాకు కనిపించదా?"

ఇద్దరూ మా ఇంటి గుమ్మం దాకా పోట్లాడుకుంటూనే వచ్చారు. బాబాయి ఒక్క సెకను కూడా తగ్గలేదు.