ముందు మూడు దెబ్బలు తనకే

శ్రావణంలో బోనాలు చూడటానికి పాలమూరు పోతున్నామని బడిలో అందరికీ చెప్పాను. అది సగం నిజం. మిగతా సగం మా నాన్నను కన్న అవ్వ నర్సమ్మది. జడ్చర్ల పక్కన ఒక పల్లెలో ఆమె సొంత అన్న చెన్నయ్య మంచం పట్టాడనీ, పోయేలోపు చెల్లెలిని ఒక్కసారి చూడాలంటున్నాడనీ ఆయన మనవడు శ్రీశైలం ఫోన్ చేశాడు. అవ్వ ఆ గడప తొక్కక అరవై ఏళ్లు దాటింది. ఎందుకో మా ఇంట్లో అందరికీ ఒక్క ముక్కలో తెలుసు: మా తాతను కొరడాతో కొట్టింది ఆయనే. దాని ముందూ వెనకా ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఫోన్ వచ్చాక అవ్వ రెండు రోజులు చింతపండులో గింజలు తీస్తూ కూర్చుంది. మూడో రోజు పొద్దున చేతులు కడుక్కుని, “కారు మాట్లాడు బిడ్డ, ఆదివారం బోనాలట గద” అంది. ఇంట్లోకి వెళ్తావా మరి అని అడిగాను. “ఊరికి పోదమన్న. ఇంట్లకు పోతనన్ననా?” అని కసిరింది.

మేముండేది నకిరేకల్‌లో. అక్కడి నుంచి నార్కట్‌పల్లి, నల్లగొండ, మల్లేపల్లి, కల్వకుర్తి మీదుగా జడ్చర్లకు ఆగకుండా పోతే నాలుగు గంటలు, ఎనభై నాలుగేళ్ల అవ్వతో పోతే అయిదు. పొద్దున అయిదింటికి బయలుదేరాం. డ్రైవర్ యాదగిరి మా వాడకట్టువాడే కాబట్టి రానూపోనూ డీజిల్‌తో కలిపి నాలుగున్నర వేలకు ఒప్పుకున్నాడు. బస్సులో అయితే నల్లగొండలో ఒకసారి, కల్వకుర్తిలో ఒకసారి మారాలి. నార్కట్‌పల్లి చౌరస్తాలో టీ తాగుతుంటే సన్నగా తుంపర పడుతోంది. లారీల దీపాలు ఆ తుంపరలో పచ్చగా కరిగిపోతున్నాయి. టీ అమ్మే ఆయన అవ్వ గ్లాసులో అడగకుండానే ఇంకొంచెం పోసి, “ఏ ఊరికే అవ్వ?” అన్నాడు. అవ్వ గ్లాసు కొంగుతో పట్టుకుని, “మా తల్లిగారూరికి” అంది. ఆ మాట ఆమె నోట వినడం నాకు అదే మొదటిసారి.

నల్లగొండ దాటాక బత్తాయి తోటలు, ఆ తర్వాత మోకాలెత్తు పత్తిచేలు, వాటి వెనక గుండ్రటి రాళ్ల గుట్టలు. నేను నిద్రకూ మెలకువకూ మధ్యలో ఉన్నాను. నేను హైస్కూల్లో సోషల్ టీచర్ని. కొరడా గురించి పాఠంలో రెండు వాక్యాలు చెప్పి దాటేస్తుంటాను. ఆ పొద్దున కళ్లు మూసుకుంటే మాత్రం అవే వచ్చాయి. ఓడల మీద, చెరకు తోటల్లో, జైలు గోడల మధ్య వంగిన వీపులు. రాజుల కాలంలో నడిబజారులో లెక్కపెట్టి కొట్టిన దెబ్బలు. మన దగ్గర చట్టం ఆ శిక్షను ఎప్పుడో తీసేసింది. కానీ చిన్నప్పుడు మా వాకిట్లోకి నెత్తిన అమ్మవారి పెట్టె పెట్టుకుని ఒకామె వచ్చేది. పక్కన గజ్జెలు కట్టుకున్న ఆయన తన వీపును తనే ఛెళ్లుమనిపించుకునేవాడు. మొహర్రం పీరీల పండుగనాడు గుండెలు బాదుకునేవాళ్లనూ చూశాను. ఒకే తాడు ఒకచోట భయం, ఇంకోచోట భక్తి. ఆ తేడా ఎక్కడుందో నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ పిల్లలకు చెప్పలేదు. నా క్లాసులో బీరువా మీద ఒక బెత్తం ఉంటుందన్న సంగతి కూడా ఆ మగతలోనే గుర్తొచ్చింది.

ఎనిమిదింటికి కల్వకుర్తిలో ఆగాం. బస్టాండు దగ్గర కట్టెల పొయ్యి మీద ఒకామె జొన్నరొట్టెలు చేస్తోంది. ముప్పై రూపాయలకు రెండు రొట్టెలు, ఉల్లిగడ్డ కారం. “మెత్తగ చెయ్యనా అవ్వ, పండ్లున్నయా?” అని ఆమె నవ్వింది. “నా పండ్లకేం ఫికర్ లేదు, నువ్వు జర మాడకుంట చూడు” అంది అవ్వ. రెండూ తినేసింది. తిన్నాక కారెక్కి, మేం అడగకుండానే చెప్పడం మొదలుపెట్టింది.

“పెండ్లయిన ఏడు నాకు జొరమొచ్చింది. మూడొద్దులు కండ్లు తెరవలే. మీ తాతది గూడ ఆ ఊరే, దొర దగ్గర జీతముండె. అడిగితె ఇయ్యడని, అడగకుంటనే దొర బండి కట్టి నన్ను పాలమూరు దవాఖానకు తీస్కపోయిండు. నేను బతికిన. తిరిగొచ్చినంక గడీల పది దెబ్బలన్నడు దొర.”

“దొర మనుషులే కొట్టొచ్చు కదా అవ్వా?”

“మా తల్లిగారిది పోతరాజుల ఇల్లు బిడ్డ. అమ్మోరి ముంగట ఈరగోల పట్టుకొని ఆడేటోడు మా అన్ననే.” ఈరగోల అంటే పోతరాజు చేతిలో ఉండే లావుపాటి పేనిన కొరడా. “కొరడా పట్టుడు నీకొచ్చినట్టు ఎవనికొస్తదిరా అన్నడట దొర. ఆ ఈరగోలనే తెప్పిచ్చి, బావను బామ్మర్దితోని కొట్టిపిచ్చిండు. నెల తిరగకముందే ఊరిడిసినం. అన్న అడ్డమొచ్చి కాళ్లు పట్టుకుండు. ఇగ నీ కడప తొక్కనని అమ్మోరి మీద ఒట్టేసిన.”

యాదగిరి బండి నెమ్మది చేశాడు. “కొట్టకపోతె ఆయనను గూడ కొట్టేటోళ్లు గదనే అవ్వ.”

“నాకు తెల్వదారా? నువ్వు ముంగట చూసి నడుపు.”

పది గంటలకు ఊళ్లోకి వచ్చాం. జడ్చర్ల మందుల కంపెనీలు దాటి పది కిలోమీటర్లు లోపలికి పోతే, రోడ్డుకు రెండు పక్కలా సీతాఫలం పొదలు తప్ప ఏమీ ఉండవు. దొర ఉండిన కోటలాంటి గడీలో మిగిలింది ఒక గోడ, ఒక దర్వాజా. లోపల ఎవరివో ట్రాక్టర్లు నిలబెట్టి ఉన్నాయి. యాదగిరి ఆ గోడ నీడలోనే కారు ఆపాడు. అవ్వ దిగి పైనుంచి కింద దాకా చూసింది. “గింతేనా? నాకు ఆకాశమంత యాదున్నది” అంది.

అప్పుడే డప్పులు దగ్గరికొచ్చాయి. ముందు పసుపు వాసన, తర్వాత వేపాకు వాసన, ఆ తర్వాత నెత్తిన బోనాలతో ఆడవాళ్లు. వాళ్ల ముందు ఒళ్లంతా పసుపు పూసుకుని, నడుముకు వేపమండలు కట్టుకున్న పోతరాజు. అతనే శ్రీశైలం. మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు, బోనాలకు మూడు రోజులు సెలవు పెట్టుకుంటాడు. జనం ముంజేతులు చాచి వరసగా నిలబడ్డారు, దెబ్బ తగిలితే పీడ పోతుందని. అతను మాత్రం వాళ్ల వైపు చూడకుండా ఈరగోలను తన భుజాల మీదుగా తిప్పి తన వీపుకే వేసుకున్నాడు. ఒకటి, రెండు, మూడు. మూడోసారికి పసుపు మీద ఎర్రటి గీత లేచింది. అప్పుడు గాని మొదటి చేతి దగ్గరికి రాలేదు.

అతను మంచినీళ్లకు ఆగినప్పుడు అడిగాను, ఎందుకలా అని. “కొట్టెటోడు ముందుగాల తినాలె వదినె” అన్నాడు. నేనెవరో ఎవరూ చెప్పలేదు, అయినా వరస సరిగ్గా పట్టుకున్నాడు. “ఎంత మండుతదో తనకు తెలిసినంకనే ఇంకొకల మీద చెయ్యి లేవాలె. మా ఇంటి రివాజు. గీ ఈరగోల తాతదే. ఆ దినం సంది తాత మళ్ల ముట్టలే. మా బాపు పట్టిండు, బాపు తర్వాత నేను.”

ఊరేగింపు చూడటానికి చెన్నయ్య తాత మంచాన్ని వాకిట్లోకి తెచ్చి వేశారు. అవ్వకు గడప తొక్కే బాధ తప్పిందని లోపల్లోపల సంతోషించాను. మంచంలో మనిషి ఉన్నాడా లేడా అన్నట్టు ఉన్నాడు. అవ్వ వెళ్లి తలాపున నిలబడింది. డప్పులు ఎవరు ఆపమన్నారో తెలియదు, ఆగాయి. ఆయన కళ్లు చికిలించి చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

“నర్సీ, జొరం తగ్గిందానే?”

అవ్వ నిన్న అడిగినదానికి ఇవాళ చెప్పినట్టు, “తగ్గిందన్న” అంది.

“బావకు పది కొట్టిన. ఈరగోల అందుకో. నాకు పది కొట్టు. కొట్టి ఇంట్లకు రా.”

అవ్వ మంచం పట్టె మీద చెయ్యి ఆనించింది. “నీ బావ పోయెటప్పుడు చెప్పిండు. గడీల నువ్వు ముందుగాల నీకు మూడు ఏసుకున్నవట. గట్టిగ ఏసుకున్నవట. దొర నవ్విండట. నాకంటె మీ అన్నకే ఎక్కువ తాకినయే అని చెప్పి కండ్లు మూసిండు.”

మా తాత పోయి ఇరవై ఏళ్లు. నేను ఉండబట్టలేకపోయాను. “ఇరవై ఏళ్ల నుంచి తెలుసా నీకు? మరి ఇన్నాళ్లూ ఎందుకు రాలేదు?” అన్నాను. అంతమందిలో అవ్వ మీద అంత కోపం వచ్చినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

“నలభై ఏండ్లు తిట్టినోని దగ్గరికి ఏ మొకం పెట్టుకొని రావాలె బిడ్డ?” అంది అవ్వ. “రేపు పోదం, ఎల్లుండి పోదం అనుకున్న. అనుకుంటనే ఉన్న.”

తర్వాత శ్రీశైలం వైపు చెయ్యి చాపింది. అతను ఈరగోలను రెండు చేతులతో అందించాడు. చెన్నయ్య తాత కళ్లు మూసుకుని, పక్కకు తిరగడానికి ఒంట్లో ఉన్న బలమంతా పెట్టాడు, వీపు ఇవ్వడానికి. అవ్వకు ఒక చేత్తో ఆ బరువు లేవలేదు. రెండు చేతులా ఎత్తి తన భుజం మీదుగా వేసుకుంది. తడిబట్ట భుజాన పడ్డట్టు చప్పుడైంది. ఇంకోటి. ఇంకోటి. మూడోదానికి కాస్త తూలింది, నేను పట్టుకున్నాను. ఈరగోలను కళ్లకద్దుకుని శ్రీశైలం చేతుల్లో పెట్టేసింది.

“నా మూడు అయినయి” అంది.

“మరి నాయి?” అన్నాడు ఆయన కళ్లు తెరవకుండానే.

“నీయి ఎప్పుడో అయినయన్న.”

అవ్వ ఆయన దుప్పటి సరిచేసింది. చీర కుచ్చిళ్లు కొంచెం పైకి పట్టుకుని గడప దాటింది. లోపలి నుంచి ఆమె గొంతు వినపడింది. “ఏం వండిండ్రే? పొద్దుగాల తిన్న రొట్టె ఎప్పుడో అరిగిపాయె.” వాకిట్లో ఎవరో నవ్వారు, ఎవరో ఏడ్చారు, డప్పులు మళ్లీ మొదలయ్యాయి.

చెన్నయ్య తాత దసరా దాకా ఉన్నాడు. ఈలోపు అవ్వ ఇంకో రెండుసార్లు వెళ్లొచ్చింది, ఆధార్ కార్డు కొంగున కట్టుకుని, బస్సులో, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే సున్నా టికెట్టు మీద. నేను మాత్రం ఆ సోమవారమే బడికెళ్లి, పిల్లలు రాకముందు బీరువా మీది బెత్తం దించి నా అరచేతి మీద ఒకటి కొట్టుకున్నాను. మూడు అనుకున్నాను, ఒకదానికే చాలనిపించింది. ఇన్నేళ్లు చిన్న దెబ్బ అనుకుంటూ వచ్చింది అంత మండుతుందని నాకు నిజంగా తెలియదు. ఆ మంటలోనే, కారులో నాకు దొరకని తేడా దొరికింది. గడీలో దొర కొట్టమని చెప్పాడు, తను దెబ్బ తినలేదు. కొరడాకు ఇంకెన్ని చరిత్రలున్నా నేను పిల్లలకు చెప్పగలిగేది ఇప్పుడు ఇదొక్కటే.

శ్రావణం ఆదివారాల్లో మీరూ ఆ దిక్కు పోతే ఒక మాట గుర్తుపెట్టుకోండి. ఈరగోల ముందు చెయ్యి చాపేముందు గడియారం, గాజులు తీసేయండి. ఆ రోజు భోజనాలయ్యాక అవ్వ, “పో, నువ్వు గూడ దెబ్బ పెట్టించుకో, మన ఇంట్ల ఇన్నేండ్లు ఎవరూ పెట్టించుకోలే” అని తోస్తే, నేను తీయకుండానే వెళ్లాను. నాలుగు గాజులు పగిలాయి. శ్రీశైలం భార్య నన్ను గడప లోపల పీట మీద కూర్చోబెట్టి, రెండు చేతులకూ నిండుగా ఆకుపచ్చ గాజులు తొడిగి పంపింది. ఇది రాస్తుంటే అవి ఇంకా చప్పుడు చేస్తున్నాయి.