గంగారాజం మేస్త్రి అంగి జేబు

రుద్రంగి గంగారాజం మేస్త్రి ఇక లేరన్న వార్త నాకు తొమ్మిదో తరగతి గదిలో అందింది. నల్లబల్ల మీద రాస్తున్న పద్యపాదం సగంలోనే ఉండిపోయింది. ఆయనకు ట్రాక్టరు అప్పగించిన వీర్నపల్లి ఎస్తేరమ్మ ఫోనులో, "సారూ, మేస్త్రి పోయిండు. నా బండి ఇప్పింది ఇప్పినట్లనే ఉన్నది" అని మాత్రం చెప్పింది. మొదటి మాట నా మనసుకు ఎక్కలేదు. రెండో మాట విన్నాకే మొదటిది నిజమని నమ్మవలసివచ్చింది. విప్పిన ఇంజన్‌ను అలాగే వదిలేసి ఎక్కడికైనా వెళ్లే మనిషి కాదాయన. పిల్లలకు ఏదో చదువుకోమని చెప్పి, చాక్‌పీసు చేతిలో పట్టుకునే వరండాలోకి వచ్చాను.

కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల చుట్టుపక్కల పాత చిన్న ట్రాక్టరు నడుపుకునే రైతుకు ఆయనను పరిచయం చేయనక్కరలేదు. మిగిలినవారి కోసం చెబుతున్నాను. సామాను దొరకదు, తుక్కు కింద అమ్ముకోండి అని పట్నంలో తేల్చేసిన బండ్లు ఆయన ఇంటి వాకిట్లోకి చేరేవి. ఇంటి పక్కన రేకుల షెడ్డు, దాని ముందు సీతాఫలం చెట్టు, చెట్టు కింద నులక మంచం. బోర్డు లేదు. అక్కడికి ఈడ్చుకొచ్చిన బండ్లలో ఎక్కువ భాగం తమ చక్రాల మీద తామే తిరిగి వెళ్లాయి.

నేను కోరుట్ల దగ్గరి ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పంతులును. మా నాయిన నాకు రెండున్నర ఎకరాలు, ఒక చిన్న ట్రాక్టరు వదిలిపోయాడు. నాయిన పోయిన రెండో ఏడు వానాకాలంలో అది మొండికేసింది. బతిమాలి బామాలి రుద్రంగికి చేర్చాను. మేస్త్రి దాని చుట్టూ ఒకసారి తిరిగి, "దీని గాలి తొట్టి ఎన్నడు కడిగినవ్ సారూ?" అన్నారు. ట్రాక్టరుకు గాలి తొట్టి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఆ అజ్ఞానం కప్పిపుచ్చుకోవడానికి, "ఆ వాయుశుద్ధి పాత్ర..." అని ఏదో మొదలుపెట్టాను. ఆయన తలాడించి, "పేరు మంచిగనే పెట్టినవ్. ఇగ కడుగు" అని డీజిల్ పోసిన ఇనుప తట్ట నా ముందు పెట్టారు. తొట్టి గొట్టంలో కందిరీగలు కట్టుకున్న మట్టి గూడు బయటపడింది. "నీ బండికి రోగం లేదు సారూ. దమ్మాడుతలేదు, గంతే" అన్నారు. నా తెల్ల అంగి ఆ రోజుతో ఇంటి పనికి మాత్రమే మిగిలింది.

అలా ప్రతి ఆదివారం నేను ఆయనకు శిష్యుణ్ని అయ్యాను. దున్నడం అయ్యాక ఇనుప చక్రాల బురద ఎండకముందే కడగడం, వానలో పొగ గొట్టం మీద ఖాళీ డబ్బా బోర్లించడం, పనుల కాలం రాకముందే నూనె మార్చడం, గ్రీజు పెట్టే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టుకోవడం అన్నీ అక్కడే నేర్చుకున్నాను. పుస్తకంలో రాసుకుంటుంటే ఆయనకు నచ్చేది కాదు. "చేతులు నల్లగైతెనే మతిల ఉంటది" అనేవారు. అయినా దొంగచాటుగా రాసుకునేవాణ్ని. పంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది.

యవ్వనంలో ఆయన తంగళ్ళపల్లిలో ఉంటూ రోజూ సిరిసిల్లకు వెళ్లి సాంచాలు, అంటే మరమగ్గాలు, బాగుచేసేవారట. కార్ఖానాలో మగ్గాలన్నీ ఒక్కసారి ఆడుతుంటే పక్కవాడి మాట పక్కవాడికి వినిపించదు. ఆ హోరులో ఏ సాంచాకు జబ్బు చేసిందో ఆయన గుమ్మంలో నిలబడే చెప్పేవారని విన్నాను. అదెట్ల సాధ్యమని ఒకసారి అడిగాను. "ఇనుడు గాదు సారూ, ఇడిచిపెట్టుడు. మంచిగున్న సప్పుళ్లను ఒక్కొక్కటి ఇడిచిపెట్టుకుంట పోవాలె. ఆఖరికి చెడ్డది ఒక్కటే మిగుల్తది" అన్నారు. నేను ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్నాను. వినడం గురించి ఇంత మంచి మాట ఏ శాస్త్రంలోనూ చదవలేదు.

ఆ షెడ్డులో కాలం మరోలా నడిచేది. రేకులకున్న చిల్లుల నుంచి ఎండ చుక్కలుగా రాలి, నేల మీద పరిచిన పాత సిరిసిల్ల దుప్పటి మీద మెల్లమెల్లగా జరిగేది. దుప్పటి మీద ఇంజన్ భాగాలు ఊడదీసిన వరుసలోనే ఉండేవి. మాఘమాసంలో ఎక్కడో పసుపు ఉడుకుతున్న వాసన డీజిల్ వాసనతో కలిసి వచ్చేది. మరమ్మతు అయిన బండిని స్టార్టు చేశాక ఒక చాయ తాగేంతసేపు యజమాని నోరు మూసుకొని దాని పక్కన కూర్చోవాలి. అది అక్కడి నియమం. నా బండి పక్కన అలా కూర్చున్న ఒక మధ్యాహ్నం ఆ సప్పుడుకు నాకు కన్ను మూతపడింది. కలలో మా నాయిన పొలం దున్నుతున్నాడు. గట్టు వచ్చినా మళ్లడం లేదు, గట్టు అవతల కూడా పొలమే, దాని అవతలా పొలమే. ఉలిక్కిపడి లేచాను. మేస్త్రి ఎదురుగా మంచం మీద కూర్చొని చూస్తున్నారు.

"ఎవలు అచ్చిండ్రు సారూ?" అన్నారు.

"మా నాయిన."

"ఏమన్నడు?"

"ఏమనలే. దున్నుతున్నడు."

"మంచిగ దున్నుతున్నడా?"

"మంచిగనే."

"అయితె ఇంజన్ కుదిరింది. ఇంటికి తీస్కపో" అన్నారు. ఆయన నవ్వలేదు. నా కల కూడా ఆ పనిలో ఒక భాగమన్నట్టే మాట్లాడారు. నాయిన పోయాక నేను మొదటిసారి మనసారా ఏడ్చింది ఆ దారిలో, ఆ ట్రాక్టరు మీదే.

ఆయనకు కోపం లేదని రాస్తే అబద్ధమవుతుంది. నట్టు మీద పాన జారితే నోరూ జారేది. మొండితనమూ తక్కువ కాదు. ఇంజన్ విప్పేటప్పుడు మొట్టమొదట ఊడిన నట్టును అంగి జేబులో వేసుకునేవారు. ఆ ఇంజన్ అంతా బిగించాక చిట్టచివర ఆ నట్టు బయటికి వచ్చేది. అది జేబులో ఉన్నంతకాలం మరో బండిని ముట్టుకునేవారు కాదు. ఒకసారి జగిత్యాల వైపు నుంచి ఒక పెద్ద ఆసామి కారు దిగి, తన బండి ముందుగా చూడమని పట్టుబట్టాడు. మేస్త్రి జేబు తట్టి చూపించి, "ఈ జేబుల ఒకలున్నరు పటేలా. వాళ్లు దిగినంక నువ్వు ఎక్కు" అన్నారు. ఆసామి విసవిసా వెళ్లిపోయాడు. నాలుగో రోజు మళ్లీ వచ్చాడు.

ఆయన భార్య రాజవ్వ చిన్నమ్మ. ఆయనను నేను కాకా అనేవాణ్ని కనుక ఆమె నాకు చిన్నమ్మ. ఆయన అరుపులు, ఆలస్యాలు, ఆరిపోయిన అన్నం అన్నీ ఆమె పద్దులోవే. పానల నంబర్లు ఆమెకు నాకంటే బాగా తెలుసు. అయితే ఆమెను ఎప్పుడూ ఇంటి గడపలోనే చూశాను గాని షెడ్డులో చూడలేదు.

ఆఖరుగా ఆయన విప్పిన ఇంజన్ ఎస్తేరమ్మది. తరతరాలుగా ఇతరుల పొలాల్లో కూలి చేసిన ఇంటి మనిషి ఆమె. గల్ఫ్‌లో ఉన్న భర్త పంపినదానితో రెండెకరాలు, ఒక పాత చిన్న ట్రాక్టరు కొనుక్కుంది. తనే నడుపుతుంది. అది ఆగిపోతే పట్నంలో తుక్కు అన్నారు. మేస్త్రి మాత్రం, "నాట్లకు అందిస్త బిడ్డా, నువ్వు నారు పోసుకో" అన్నారు. ఆమె ఆ మాట నమ్మి నారు పోసుకుంది.

పోవడానికి వారం ముందు నాకు ఫోను చేసి, "దమ్మాడుతలేదు సారూ. నా గాలి తొట్టి సుత కడగాలేమో" అన్నారు. నేను నవ్వాను. ఆసుపత్రికి తీసుకుపోతా కాకా, తయారుగుండు అని ఉండాల్సింది. అనలేదు. ఆ నవ్వు ఇప్పటికీ నన్ను బాధపెడుతూనే ఉంది. ఒక ఉదయం చాయ తాగి సీతాఫలం చెట్టు కింద నడుము వాల్చిన మనిషి మళ్లీ లేవలేదు.

ఆ రోజు వచ్చిన జనం కూర్చోవడానికి చోటు కావాలి కదా. చుట్టాలెవరో షెడ్డులోని దుప్పటి నాలుగు మూలలూ పట్టి, ఇంజన్ భాగాలన్నిటినీ మూటగట్టి గోడకు ఆనించారు. మంచి మనసుతోనే చేశారు. కాని ఆయన వారం రోజులు పేర్చిన వరుస ఒక్క క్షణంలో చెదిరిపోయింది.

ఐదో రోజు నేను మేస్త్రి ఇంట్లో ఉండగా ఎస్తేరమ్మ వచ్చింది. అడగడానికి సిగ్గుపడుతూ గడప దగ్గరే నిలబడింది. "మడిల నారు ముదురుతంది సారూ. వేరే బండ్లోళ్లను అడిగితె వాళ్ల పొలాలు అయినంకనే అంటుండ్రు" అంది. నారు ముదిరితే ఆమెకు ఈ కారు పంట పోయినట్టే. మేస్త్రి ఇచ్చిన మాట పోయినట్టే. నేను ఏనాడూ ఒంటరిగా ఇంజన్ బిగించినవాణ్ని కాను. పక్కన ఉండి పానలు అందించినవాణ్ని. అయినా నా నోటి నుంచి, "చూద్దాం" అన్న మాట వచ్చేసింది.

దినాలు కాకముందే చావు జరిగిన ఇంట్లో ఇనుము మోగించడం ఏమిటని ఒక పెద్దాయన అడ్డుపడ్డాడు. చిన్నమ్మ లోపలి నుంచే, "సప్పుడు కానియ్యి బావా. ఆయన ఉన్నప్పుడు గీ ఇంట్ల సప్పుడు లేని దినం ఏదున్నది?" అంది. పెద్దాయన పక్కకు తప్పుకున్నాడు.

బడికి నాలుగు రోజులు సెలవు పెట్టాను. మూట విప్పితే కళ్లు తిరిగాయి. ఏ పిస్టన్ ఏ సిలిండరుదో, ఏ బేరింగు మూత ఎక్కడిదో. ఒక మూతను గుడ్డతో తుడుస్తుంటే దాని అంచున సన్నటి చుక్క కనిపించింది. మరోదానిమీద రెండు చుక్కలు. "చుక్క పెట్టనిది ఇప్పద్దు సారూ" అని ఆయన ఎన్నిసార్లో అన్న మాట అప్పుడు చెవిలో పలికింది. మొదటి సిలిండరుకు ఒకటి, రెండోదానికి రెండు. వరుసను ఆయన దుప్పటికి అప్పగించి ఊరుకోలేదు, ఇనుము మీదే రాసిపెట్టుకున్నారు. నేను దొంగచాటుగా రాసుకున్న పుస్తకం కూడా అక్కరకొచ్చింది. నేను చదువుతుంటే ఎస్తేరమ్మ భాగాలు కడిగి అందించింది. రెండుసార్లు బిగించి రెండుసార్లు విప్పాం. ఆయన నా వెనక నిలబడి గొణుగుతున్నట్టే ఉండేది. తిరిగి చూస్తే ఎండ చుక్కలు మాత్రమే జరుగుతున్నాయి.

మూడో రోజు సాయంత్రానికి ఇంజన్ తలమీది మూత పెట్టాం. దానికి మూడు గుండు నట్లు, పైభాగం గుండ్రని టోపీలా మూసుకున్నవి. మూటలో రెండే ఉన్నాయి. వాకిలంతా అయస్కాంతంతో వెతికాను. అప్పుడు గుర్తొచ్చింది. అది ఆయన జేబులో ఉంది. ఆయన ఒంటి మీది బట్టలు ఆయనతోపాటే వాగుగడ్డ మీది కాటికి పోయాయి. చిన్నమ్మను అడగడానికి నోరు రాలేదు. మర్నాడు పొద్దున్నే జగిత్యాలకు వెళ్లి అదే కొలతలో కొత్త నట్టు కొనుక్కొచ్చాను. మరకు సరిగ్గా సరిపోయింది, తల మాత్రం కాస్త పెద్దది. వేళ్లతో తిప్పి, పాన అందుకున్నాను.

"సారూ, గది కాదు" అన్న మాట వినిపించింది. చిన్నమ్మ గడప దిగి షెడ్డులోకి వచ్చింది. కొంగు ముడి విప్పింది. అందులో నూనె మరకతో నల్లబడిన పాత గుండు నట్టు ఉంది.

"తానం పోయించేటందుకు అంగి ఇప్పినప్పుడే తీసిన. ఇన్నేండ్ల సంది ఆయన అంగీలు ఉతుకుతున్న. జేబు సూడకుంట ఎన్నడన్న నీళ్లల్ల ఏసిన్నా?"

"మరి నిన్ననే ఎందుకియ్యలే చిన్నమ్మా? వాకిలంత ఎతికితిమి."

"పని నడుమ అడిగితె ఆయన ఎవలికన్న ఇచ్చెనా?" అంది.

నా చేతిలోని పాన చూసి, "గది పెద్దది. పన్నెండు నంబరుది తే" అంది. నేను కొత్త నట్టు తీసేశాను. ఆమె పాతదాన్ని కొంగుతో తుడిచి, ముందు వేళ్లతో తిప్పి, తరువాత పానతో బిగించింది. గట్టిగా కాదు, సరిపోయేంత. ఎస్తేరమ్మ సీటు ఎక్కింది. మొదట నల్లటి పొగ, రెండు దగ్గులు, తరువాత ఆ సప్పుడు నెమ్మదిగా కుదురుకుంది. ఎవరూ చెప్పకుండానే ముగ్గురం ఒక చాయ తాగేంతసేపు నోరు మూసుకొని కూర్చున్నాం. ఎస్తేరమ్మ కళ్లు తుడుచుకుంటోంది. చిన్నమ్మ లేచి సీతాఫలం చెట్టు కిందికి పోయి, ఖాళీ మంచం పట్టె మీద చెయ్యి పెట్టి, "ఇగ నిమ్మలంగ పో. జేబుల ఏం లేదు" అంది.

వీర్నపల్లిలో నారు ముదరకముందే నాట్లు పడ్డాయి. మడి పచ్చబడిందని ఎస్తేరమ్మ కబురు చేసింది. ఏ బిరుదూ లేని, ఏ వేదికా ఎక్కని ఆ మహాశిల్పికి ఆ రెండెకరాల పచ్చదనమే పుష్పాంజలి. నాకు గురువులు చాలామంది ఉన్నారు. వినడం నేర్పిన గురువు ఆయనొక్కరే. ఆయన పాదాలకు ఈ నల్లటి చేతులతో నమస్కరిస్తున్నాను.

పోయిన ఆదివారం మా ఇంటి వాకిట్లో నా బండికి నూనె మార్చి, స్టార్టు చేసి, నియమం ప్రకారం పక్కనే కూర్చున్నాను. ఆ సప్పుడుకు కన్ను మూతపడింది. ఈసారి నాయిన రాలేదు. కాకా వచ్చి, ఎదురుగా మంచం వాల్చుకొని, తల కాస్త పక్కకు వంచి ఇంజన్ వింటున్నారు. ఏమీ అనలేదు. లేచి చూస్తే ఎండ కాళ్ల దాకా వచ్చింది, బండి నిదానంగా ఆడుతూనే ఉంది. ఎవలు అచ్చిండ్రు సారూ అని నన్ను అడిగేవాళ్లు అక్కడ ఎవరూ లేరు.